యల్లాప్రగడ సుబ్బారావుగారి జీవితము : కండరములోని భాస్వరము, సున్నము

తెలుగునేలను పుట్టి, లోకమంతటికిని ఉపకరించు శాస్త్రకార్యమును నెరవేర్చినవారిలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. వీరి పేరు వినినంతనే పెక్కుమంది మందులను తలచుకొందురు. అది న్యాయమే. కాని యీ వ్యాసమున నేను ముఖ్యముగా చెప్పదలచినది మందుల సంగతి కాదు. మనము చేయి పైకెత్తునపుడు కండరములో జరుగు వ్యాపారమును గూర్చి వీరు కనుగొనిన విషయమును, దానికి జతగా తరువాతివారు కనుగొనిన మాంసకృత్తుల వంశచరిత్రమును చెప్పదలచితిని. ఈ రెండును ఒకే కథకు రెండు భాగములు. మొదటి భాగము వ్రాసినవారికి రెండవ భాగమును చూచు భాగ్యము లేకపోయెను.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు; తల్లి వెంకమ్మగారు. ఏడుగురు సంతానములో వీరు నాలుగవవారు. ఇంట కలిమి లేదు. బాల్యమున చదువుపై విసుగుపుట్టి, కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు విక్రయించి ధనము గడింపవలెనని యిల్లు విడిచిరి. తల్లి వెదకించి, వెనుకకు రప్పించి, మరల బడిలో కూర్చుండబెట్టెను. రాజమహేంద్రవరమున చదువు సాగినదిగాని మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమార్లు తప్పిరి. మూడవమారు మదరాసు హిందూ హైస్కూలునుండి కృతార్థులైరి. పరీక్ష తప్పిన కుమారుని ఇక పనికిరానివానిగా నెంచు తండ్రులు ఈ పుటలను చదువువారిలోను ఉందురు గనుక ఈ సంగతిని దాచక వ్రాయుచున్నాను.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్మీడియేటు ముగించి మదరాసు మెడికల్ కాలేజీలో చేరిరి. ఆ కాలముననే స్ప్రూ అను గ్రహణి వ్యాధి వీరి సోదరు లిద్దరిని కొద్దిదినముల వ్యవధిలో పొట్టనబెట్టుకొనెను. తామును ఆ జబ్బున పడి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన బ్రతికి బయటపడిరి. కళాశాలలో గాంధీగారి పిలుపు ననుసరించి ఖద్దరు ధరించి శస్త్రవైద్యమునకు వచ్చుట ఆంగ్లేయుడగు ఆచార్యునకు కంటగింపయ్యెను. వ్రాతపరీక్షలందు చక్కగా వ్రాసినను వీరికి ఎం. బి. బి. ఎస్. బిరుదు దొరకక, ఎల్. ఎం. ఎస్. అను తక్కువ పట్టా మాత్రమే దొరకెను. కొంతకాలము లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రము బోధించిరి. 1919లో శేషగిరిగారితో వివాహమైనది. మామగారి సాయమును, కాకినాడలోని మల్లాడి సత్యలింగము నాయకరు ధర్మసంస్థ సాయమును కూడగట్టుకొని సముద్రము దాటి, 1922 అక్టోబరు 26వ తేదీన బోస్టను నగరమున దిగిరి. అచట ఆస్పత్రిలో రోగుల మలమూత్ర పాత్రలను కడుగు పని చేసియైనను చదువు విడువలేదు.

దేహమున భాస్వర మెంత గలదో కొలుచుట ఆ దినములలో మిక్కిలి ప్రయాసతో కూడిన పని. హార్వర్డు వైద్యవిద్యాలయమున సైరస్ ఫిస్కె అను ఆచార్యునియొద్ద పనిచేయుచు సుబ్బారావుగారు దానికొక సులభమార్గమును సాధించిరి. రక్తమునుండిగాని మూత్రమునుండిగాని తీసిన ద్రవమునకు ఆమ్లమును, మాలిబ్డేటు అను లవణమును చేర్చినచో అది ఫాస్ఫేటుతో కూడును. పిమ్మట మరియొక పదార్థమును చేర్చినచో ద్రవము నీలవర్ణము దాల్చును. ఫాస్ఫేటు ఎంత యెక్కువగా నున్న నీలము అంత గాఢము. మోతాదు తెలిసిన వేరొక ద్రవముతో ఆ రంగును పోల్చి లెక్క తేల్చవచ్చును. 1925లో ప్రకటితమైన యీ విధానమునకు ఫిస్కె–సుబ్బారావు పద్ధతియని పేరు. నూరేండ్లు గడచినను ప్రయోగశాలలలో విద్యార్థులు దీనిని నేర్చుకొనుచునే యున్నారు.

ఈ కొలబద్ద చేతికి వచ్చిన పిమ్మట వారు కండరపు రసమును పరీక్షించిరి. నీలిరంగు రావలసినట్లు వెంటనే రాక, ఆలస్యముగా కొంచెము కొంచెముగా హెచ్చుచుండెను. వేరొకరైనచో కొలతలో లోపమని త్రోసిపుచ్చియుందురు. వీరు కారణము వెదకిరి. సులభముగా విడిపోయి ఫాస్ఫేటును వదలు ఒక క్రొత్త పదార్థము కండరమున గలదని తేలెను. అదియే ఫాస్ఫోక్రియాటిన్. కండరము పనిచేయునపుడు అది తరుగును. విశ్రాంతి గొనునపుడు మరల పెరుగును. ఇది 1927వ సంవత్సరపు మాట. ఆ సమయముననే ఇంగ్లండునందు ఎగిల్టన్ దంపతులును ఈ పదార్థముయొక్క జాడను పట్టిరి. 1929లో ఫిస్కె సుబ్బారావుగారలు కండరమునుండి ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను మరియొక పదార్థమును వేరుచేసిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ గారును దానిని ప్రకటించిరి. పని చేయుటకు కావలసిన శక్తిని ప్రాణులన్నియు వ్యయపరచు నాణెము ఇదియే. ఫాస్ఫోక్రియాటిన్ పెట్టెలో దాచిన సొమ్మువంటిది. ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటు చేతిలోని చిల్లరవంటిది. కండరశాస్త్రమున 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందిన హిల్, మయర్‌హోఫ్ గారల కాలమున పాలయందలి ఆమ్లమే కండరమును ముడుచునని యెల్లరు నమ్మియుండిరి. ఆ నమ్మకము కదలిపోవుటకు ఈ శోధనలు కారణమయ్యెను.

అయినను ఒక ప్రశ్న మిగిలెను. ఇంధనము కండరమున నెల్లప్పుడును ఉండగా, కండరము ఎల్లప్పుడును ముడుచుకొనియుండదేమి? ఆజ్ఞ యిచ్చునదెవరు?

దీనికి సమాధానము సున్నమునందు గలదు. సున్నమునకు మూలమైన లోహమే కాల్సియము. లండను వైద్యుడు సిడ్నీ రింగరు 1883లో కప్పగుండెను ఉప్పునీటిలో ఉంచి చూచెను. కొళాయినీటితో చేసిన ద్రవమున గుండె కొట్టుకొనుచుండెను. బట్టీపట్టిన శుద్ధజలముతో చేసినదానిలో త్వరలోనే ఆగెను. కొళాయినీటిలోని కాల్సియమే ఆ భేదమునకు కారణమని ఆయన కనుగొనెను.

ఇన్ని లోహములుండగా కాల్సియమే యేల? ఇచటనే సుబ్బారావుగారి ఫాస్ఫేటు మరల మనకు ఎదురగుచున్నది. సున్నపునీటిలో ఫాస్ఫేటు కలిపినచో తెల్లని మడ్డి అడుగుకు దిగును. మన యెముకలు, దంతములు ఆ జాతి పదార్థముతోనే కట్టబడినవి. ఎముకలో అది కావలసినదే. జీవకణము లోపల అట్టి మడ్డి పేరుకొనిన ప్రాణము నిలువదు. ఫాస్ఫేటును నాణెముగా వాడుకొను జీవకణము కాల్సియమును గుమ్మమునకు వెలుపలనే యుంచవలసివచ్చెను. అందువలననే కణములోపల స్వేచ్ఛగా నుండు కాల్సియము వెలుపలిదానిలో సుమారు పదివేలవ వంతు మాత్రమే. దానిని వెలికి గెంటుటకు ఖర్చగునదియు ఎడినోసిన్ ట్రైఫాస్ఫేటే. లోపల అంత నిశ్శబ్దముగా నున్నందున కాసింత కాల్సియము ప్రవేశించినను అది కేకవలె వినబడును. వెలివేయబడిన పదార్థమే యీ విధముగా వార్తాహరుడయ్యెనని అమెరికా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్రెట్సింగరు ఊహించెను. ఎంతో యుగము క్రిందటి సంగతి గనుక కంటితో చూచినవారు లేరు. కాని నాకిది మిక్కిలి యుక్తియుక్తముగా తోచుచున్నది.

ఆ కేకను వినుటకు చెవి కావలెనుగదా. 1960 తరువాతి సంవత్సరములలో టోకియోలో సెత్సురో ఎబాషీగారు కండరమునందలి చెవిని కనుగొనిరి. దానికి ట్రొపోనిన్ అని పేరు. అందలి యొక భాగము కాల్సియమును పట్టుకొని తన రూపు మార్చుకొనును. అంతట కండరతంతువులు ఒకదానిపై నొకటి జారును. 1973లో క్రెట్సింగరు చేపకండరములోని పార్వాల్బ్యుమిన్ అను చిన్న మాంసకృత్తుయొక్క రూపమును వివరించెను. ఆయన పరీక్షించినది గండుచేప జాతి. మన నిజాంసాగరున వలకు చిక్కు బొచ్చె, రవ్వ చేపలు దానికి జ్ఞాతులే.

బాలబాలికలారా, మీ కుడిచేయి చాచి, చూపుడువ్రేలిని ముందునకును, బొటనవ్రేలిని పైకిని నిలిపి, నడిమివ్రేలిని మడువుడు. చూపుడువ్రేలు ఒక చుట్ట, బొటనవ్రేలు మరియొక చుట్ట. మడిచిన వ్రేలివద్ద పండ్రెండు ఎమినో ఆమ్లముల మెలిక గలదు. కాల్సియము ఆ మెలికలో ఒదిగి కూర్చుండును. శాస్త్రజ్ఞులు దీనిని ఇ–ఎఫ్ హస్తమనియే పిలుచుచున్నారు. పార్వాల్బ్యుమినులో మూడు హస్తములు గలవు. అందు మొదటిది పట్టుదప్పినది. ట్రొపోనినులోని భాగమునకు నాలుగు. జంతువులు, వృక్షములు, బూజులు అన్నిటియందును ఉండు కాల్మోడ్యులిను అను దానికిని నాలుగే.

వీనికి చుట్టరికమున్నదని ఎట్లు తెలిసెను? తాళపత్ర ప్రతులను పరిష్కరించు పండితుల పద్ధతిని తలచుకొనుడు. లేఖకుడు ప్రతి వ్రాయునపుడెల్ల ఒకటి రెండు అక్షరములు మారును. ఏ రెండు ప్రతులలో ఒకే మార్పులు కనబడునో అవి ఒకే మాతృకనుండి పుట్టినవని పండితులు నిర్ణయింతురు. ఎమినో ఆమ్లముల వరుసయు అట్టిదే. కాల్మోడ్యులినులో మొదటి హస్తము తన ప్రక్కనున్న రెండవదానికంటె మూడవదానిని ఎక్కువగా పోలియుండును. రెండవది నాల్గవదానిని పోలియుండును. కనుక మొదట ఒక్క హస్తముండెననియు, దాని జన్యువు నకలై రెండయ్యెననియు, ఆ జంట మరల నకలై నాలుగయ్యెననియు ఏర్పడుచున్నది. వెన్నెముకగల ప్రాణులన్నిటియందును కాల్మోడ్యులిను వరుసలోని 148 ఎమినో ఆమ్లములలో ఒక్కటియు మారలేదు. చేపకును మనకును ఆ ప్రతి ఒక్కటే! అయితే కాల్సియమును పట్టునవన్నియు ఈ వంశమువే యనుకొనరాదు. రక్తము గడ్డకట్టుటకు తోడ్పడు కొన్ని మాంసకృత్తులును కాల్సియమును పట్టును గాని వాని పట్టు వేరు, పుట్టుక వేరు. ఒకే వృత్తి చేసినంతమాత్రమున ఒకే ఇంటివారు కారుగదా.

ఇవన్నియు సుబ్బారావుగారి మరణానంతరము తేలిన విషయములు. 1930లో పిహెచ్. డి. బిరుదు పొందినను హార్వర్డు వీరికి శాశ్వతోద్యోగము నియ్యలేదు. 1940లో లెడర్లీ ప్రయోగశాలలకు పోయి, అచటి శోధనకు నాయకులైరి. స్ప్రూ వ్యాధియందలి రక్తహీనతకు పనికివచ్చు ఫోలిక్ ఆమ్లమును 1945లో వీరి బృందము కృత్రిమముగా తయారుచేసెను. దానికి ప్రతిగా పనిచేయు ఎమినాప్టెరినును సిడ్నీ ఫార్బరుగారు పిల్లల రక్తపుకేన్సరుకు వాడి, కొంతకాలమైనను జబ్బు వెనుకంజ వేయునట్లు చేసిరి. బోదకాలుకు నేటికిని మన దేశమున పంచు డైఇథైల్ కార్బమజీను, ఆరియోమైసిను మందులును ఆ ప్రయోగశాలల పంటలే.

1922లో విడిచిన ఇల్లాలిని వీరు మరల చూడలేదు. కుమారుడు పుట్టి శైశవముననే మరణించెను. ఆ బిడ్డను తండ్రి కన్నులార చూడనేలేదు. 1948 ఆగస్టులో న్యూయార్కునందు నిద్రలోనే హృదయము ఆగి సుబ్బారావుగారు కన్నుమూసిరి. వయస్సు 53 సంవత్సరములు. 1953లో క్రొత్తగా కనుగొనిన యొక బూజుజాతికి సుబ్బారోమైసిస్ అని పేరిడిరి. 1995లో భారతప్రభుత్వము వీరి శతజయంతికి తపాలాబిళ్ళను వెలువరించెను.