వంటింట్లో దాచిన ఒక్క కాగితం

ఈ ఏడాది నివేదికలో పొదుపులు, అప్పులు, వసూళ్ల లెక్కలతో పాటు ఒక జీవితకథ కూడా పెడుతున్నాం. ఈమె మన ప్రాంతం మనిషి కాదు, మన కాలం మనిషీ కాదు. అయినా చదువుతుంటే, మీటింగులో చాప మీద మన పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. ఆమె పేరు రాససుందరీ దేవి.

1809 ప్రాంతంలో బెంగాల్‌లో, పాబ్నా జిల్లా పోతాజియా అనే ఊళ్లో పుట్టింది. ఆ ఊరు ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఉంది. తండ్రి ఆమెకు ఊహ తెలియక ముందే పోయాడు. వాళ్ల ఇంటి దగ్గరే మగపిల్లలకు బడి జరిగేది. చిన్నపిల్లని కదా అని ఈమెను కూడా అక్కడ కూర్చోబెట్టేవాళ్లు. ఎవరూ ఆమెకు నేర్పలేదు గానీ, చూస్తూ వింటూ కొన్ని అక్షరాలు మనసులో పెట్టుకుంది. ఆ సంగతి ఎవరికీ తెలియదు.

12 ఏళ్లకు పెళ్లి చేసి ఫరీద్‌పూర్ వైపు రామ్‌దియా పంపించారు. కలిగిన కుటుంబమే, బయట పనివాళ్లు ఉన్నారు. కానీ అత్తగారు మంచాన పడ్డాక లోపలి పనంతా ఈ కోడలి మీదే పడింది. రెండు పూటలా దాదాపు 25 మందికి వండాలి. ముఖం నిండా ముసుగు, ఎవరితోనూ గట్టిగా మాట్లాడకూడదు. 18 ఏళ్లకు మొదటి కాన్పు, 41 ఏళ్లకు చివరి కాన్పు. మొత్తం 12 మందిని కన్నది, వాళ్లలో చాలామందిని తన కళ్ల ముందే పోగొట్టుకుంది.

ఇన్ని పనుల మధ్య ఆమెకు ఒకటే కోరిక, చైతన్య భాగవతం చదవాలని. ఆ రోజుల్లో ఆడది చదివితే మొగుడు పోతాడని నమ్మేవాళ్లు. చదవాలనుకున్నందుకే ఆమె తనమీద తాను కోపం తెచ్చుకునేది. ఒక రోజు భర్త ఆ పుస్తకం గురించి కొడుకుతో అంటుంటే విన్నది. దాని చెక్క అట్టల మీద బొమ్మలు చూసి గుర్తుపెట్టుకుంది. ఎవరూ లేనప్పుడు కట్టు విప్పి ఒక్క కాగితం తీసి వంటింట్లో దాచింది. పెద్దకొడుకు అక్షరాలు దిద్దుకున్న తాటాకు కూడా ఒకటి తీసుకుంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే ముసుగు చాటున ఆ కాగితాన్ని, ఆ తాటాకును, చిన్నప్పుడు చూసిన అక్షరాలను పోల్చి చూసుకునేది. అప్పటికి ఆమె వయసు 25 దాటింది. అలా ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదవడం నేర్చింది. తర్వాత ఆడపడుచులకు తెలిసింది. భయపడినట్టు వాళ్లు తిట్టలేదు, సంతోషించారు.

రాయడం వచ్చేసరికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. చదువును ముసుగులో దాచుకోవచ్చు. రాతకు కలం, సిరా, కాగితం, కూర్చునే తీరిక కావాలి. కలకత్తాలో చదువుకునే కొడుకు, తన ఉత్తరాలకు అమ్మ జవాబు రాయడం లేదని నొచ్చుకుని ఆ సామాను ఇచ్చి వెళ్లాడు. భర్త వైద్యం కోసం వేరే ఊళ్లో ఉన్నప్పుడు పని కాస్త తగ్గింది, అప్పుడు రాత కుదిరింది.

భర్త పోయాక, 60 ఏళ్లకు దగ్గరపడ్డ వయసులో, తన కథ తానే రాసింది. పుస్తకం పేరు ఆమార్ జీబన్, అంటే నా జీవితం. బెంగాలీలో మొదటి ఆత్మకథల్లో అదొకటి. 1897లో, 88 ఏళ్ల వయసులో, మరికొంత కలిపి మళ్లీ అచ్చు వేయించింది. 1899లో కన్నుమూసింది.

ఆమె అందులో రాజుల సంగతులు రాయలేదు. తినబోయే అన్నం అతిథికి పెట్టి, తర్వాత బిడ్డ ఏడిస్తే లేచి, రెండు రోజులు పస్తున్న సంగతి రాసింది. భర్త గుర్రం ఎదురుపడితే, ఆయన గుర్రం కదా అని సిగ్గుపడి లోపలికి పారిపోయిన సంగతి దాచలేదు. తల్లి చావుబతుకుల్లో ఉంటే చూడ్డానికి పంపలేదని, కొడుకునై పుడితే పక్షిలా ఎగిరిపోయేదాన్నని కుమిలింది. నిండు సంసారం చేసి, పిల్లల్ని పెంచిన ఆడదానికి కూడా వైధవ్యం సిగ్గుగా మారడం ఏమిటని బాధపడింది. ఇవన్నీ గోరంత విషయాలని ఆమె అనుకుని ఉంటే, 200 ఏళ్ల కిందటి వంటిల్లు ఎలా ఉండేదో మనకు తెలిసేది కాదు.

మన తీర్మానాల పుస్తకంలో ఎవరు ఎంత కట్టారో ఉంటుంది. ఆ కిస్తీ కట్టిన రోజు ఇంట్లో ఎవరు తినలేదో ఉండదు. వేలిముద్ర పోయి సంతకం వచ్చిందని సంతోషిస్తున్నాం. సంతకం తర్వాత ఇంకో వాక్యం కూడా రాయొచ్చు కదా అక్కా. రాయడం రానివాళ్లు చెప్పండి, వచ్చినవాళ్లం రాస్తాం. మీరు ఎలా చెబితే అలాగే రాస్తాం, మార్చం.