సత్యశోధకుడు ఇమామ్ బుఖారీ

ముస్లిం కుటుంబాల దైనందిన జీవితంలో కొన్ని పద్ధతులు తరతరాలుగా నిలిచి ఉన్నాయి. అన్నం ముందు కూర్చున్నవారు దేవుని పేరు స్మరించి కుడిచేతితో భుజిస్తారు. ఎదురైనవారికి శాంతి కలగాలని కోరుతూ సలాం చెబుతారు. ఒకరు తుమ్మి దైవాన్ని స్తుతిస్తే, విన్నవారు వారిపై దైవానుగ్రహం కలగాలని పలుకుతారు. రోగిని పరామర్శించడం, శవయాత్ర వెంట నడవడం, పొరుగువారి ఆకలి తెలుసుకోవడం విధులుగా భావిస్తారు. ఇవన్నీ ముహమ్మద్ ప్రవక్త స్వయంగా ఆచరించి చూపినవని వారి విశ్వాసం. ఆ ఆచరణ మార్గానికి సున్నత్ అని పేరు. ప్రవక్త మాటలను, చేతలను, ఆయన సమ్మతిని తెలిపే ఉల్లేఖనాన్ని హదీసు అంటారు.

ప్రవక్త క్రీ.శ. 632లో కాలధర్మం చెందారు. ఆయనను కన్నులారా చూసినవారు కూడా క్రమంగా కనుమరుగయ్యారు. ఆ తరువాత పుట్టినవారు ఆయన మార్గంలో నడవాలంటే ఇతరుల మాటపైనే ఆధారపడవలసి వచ్చింది. ప్రవక్త ఇలా తిన్నారని, ఇలా వ్యాపారం చేయమన్నారని ఎవరో చెబితే అది నిజమని నమ్మడమెలా? ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం వెదకడంలోనే తన ఆయుర్దాయమంతా వెచ్చించిన మహనీయుడు ఇమామ్ బుఖారీ.

ఆయన అసలు పేరు ముహమ్మద్. తండ్రి ఇస్మాయీల్. నేటి ఉజ్బెకిస్తాన్‌లోని బుఖారా నగరంలో క్రీ.శ. 810లో, హిజ్రీ శకం 194వ సంవత్సరం షవ్వాల్ నెల 13వ తేదీన, ఆయన జన్మించారు. ఊరి పేరే లోకంలో ఆయన పేరుగా స్థిరపడింది. వారిది అరబ్బు వంశం కాదు. ముత్తాత ముగీరా కాలంలో ఆ కుటుంబం ఇస్లాం స్వీకరించింది. తండ్రి కూడా హదీసు పండితుడే. కుమారుడు పసివాడుగా ఉండగానే ఆయన గతించారు. న్యాయార్జితమైన సంపదను, మంచి పేరును మిగిల్చి వెళ్లారు. పెంపకం భారమంతా తల్లిపై పడింది. బాల్యంలో ఆ పిల్లవాడికి చూపు పోయిందని, తల్లి రేయింబవళ్లు చేసిన ప్రార్థనలతో తిరిగి వచ్చిందని జీవితచరిత్రకారులు రాశారు.

బుఖారీ కృషి విలువ తెలియాలంటే హదీసు నిర్మాణం కొంత తెలియాలి. ప్రతి హదీసుకూ రెండు భాగాలుంటాయి. ఒకటి విషయం. రెండవది, ఆ విషయాన్ని ఎవరు ఎవరి నోట విన్నారో ప్రవక్త కాలం వరకు వరుసగా తెలిపే ఉల్లేఖకుల పరంపర. దీనినే ఇస్నాద్ అంటారు. గొలుసులో ఒక్క కడియం తెగినా గొలుసు పనికిరానట్లే, పరంపరలో ఒక్కరు అసత్యవాది అయినా, మతిమరుపు మనిషి అయినా ఆ హదీసు బలహీనపడుతుంది. ప్రవక్త అనంతరం రెండు వందల సంవత్సరాలలో రాజకీయ పక్షాలు తమ వాదాలకు అనుకూలంగా హదీసులు కల్పించాయి. జనాన్ని రంజింపజేసే కథకులు మరికొన్ని అల్లారు. పుణ్యకార్యాలకు ప్రోత్సాహమిస్తున్నామనే భ్రమతో అబద్ధమాడిన భక్తులూ లేకపోలేదు. బహుశా వీరిని పట్టుకోవడమే అన్నిటికంటె కష్టం.

పదకొండేళ్ల వయసులోనే బుఖారీ ప్రతిభ బయటపడింది. దాఖిలీ అనే గురువు ఒకనాడు హదీసు చెబుతూ, పరంపరలో ఇబ్రాహీం నుండి విన్నవాడుగా అబూ జుబైర్ పేరు పలికారు. అబూ జుబైర్ ఇబ్రాహీం నుండి ఏదీ ఉల్లేఖించలేదని శిష్యుడు వినయంగా మనవి చేశాడు. గురువు మొదట కసురుకున్నారు. అయినా లోపలికి వెళ్లి మూలప్రతి చూసుకుని, సరైన పేరేమిటని అడిగారు. అది జుబైర్ ఇబ్న్ అదీ అని బాలుడు బదులిచ్చాడు. గురువు కలం తీసుకుని తన ప్రతిని దిద్దుకున్నారు. పసివాడు తప్పు పట్టడం కంటె ఆ గురువు దిద్దుకోవడమే గొప్ప అనిపిస్తుంది.

పదహారవ ఏట తల్లితో, సోదరుడు అహ్మద్‌తో కలసి ఆయన హజ్ యాత్రకు వెళ్లారు. యాత్ర ముగిశాక వారిద్దరూ స్వస్థలానికి మరలిపోగా, బుఖారీ విద్యార్జనకై అక్కడే ఉండిపోయారు. అటుపై మదీనా, బస్రా, కూఫా, బాగ్దాద్, సిరియా, ఈజిప్టు ప్రాంతాలు తిరుగుతూ వెయ్యిమందికి పైగా పండితుల వద్ద హదీసులు సేకరించారు. బస్రాలో సహాధ్యాయులందరూ విన్నది విన్నట్లు రాసుకుంటుంటే ఆయన మాత్రం ఊరకే కూర్చునేవారు. కాలం వృథా చేస్తున్నావని వారు మందలించగా, వారు అంతవరకు రాసుకున్నదంతా కంఠతా అప్పజెప్పారు. చివరకు ఆయన జ్ఞాపకాన్ని బట్టి వారే తమ రాతలను సవరించుకోవలసి వచ్చింది.

పద్దెనిమిదేళ్ల ప్రాయంలో, మదీనాలో ప్రవక్త సమాధి సన్నిధిని, వెన్నెల రాత్రులలో కూర్చుని ఆయన ఒక గ్రంథం ఆరంభించారు. దాని పేరు అత్తారీఖుల్ కబీర్. వేలాది ఉల్లేఖకుల పేర్లు, వారి గురువులు, శిష్యులు మొదలైన వివరాల కోశమిది. హదీసు చెప్పినవాడెవడో తెలియకుండా హదీసును తూచలేమనే దృష్టి ఇందులో ఉంది. తెలుగువారికి ఈ గ్రంథంతో ఒక అనుబంధం ఉంది. హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ ఇరవయ్యవ శతాబ్దంలో దీనిని పరిష్కరింపజేసి అరబ్బీలో ముద్రించింది. మదీనా వెన్నెలలో మొదలైన రచన మూసీ తీరాన అచ్చయి ప్రపంచ పండితులకు అందింది.

ప్రామాణికమైన హదీసులను మాత్రమే ఒకచోట కూర్చితే బాగుండునని ఆయన గురువు ఇస్‌హాక్ ఇబ్న్ రాహవైహ్ ఒకసారి తన గోష్ఠిలో అన్నారు. ఆ మాట బుఖారీ మనసులో నాటుకుంది. పదహారేళ్ల శ్రమ ఫలితంగా సహీహ్ బుఖారీ అవతరించింది. ఒక్కొక్క హదీసును గ్రంథంలో చేర్చేముందు ఆయన స్నానమాచరించి, రెండు రకాతుల నమాజు చేసేవారట. సుమారు ఆరు లక్షల ఉల్లేఖనాల నుండి ఎంపిక చేశారని చెబుతారు. ఈ సంఖ్యను చూసి ప్రవక్త ఆరు లక్షల మాటలు పలికారని భ్రమపడరాదు. ఒకే విషయం యాభై పరంపరల ద్వారా వస్తే దానిని యాభైగా లెక్కించడం ఆనాటి పండితుల పద్ధతి. గ్రంథంలో చేరినవి పునరుక్తులతో కలిపి ఏడువేల పైచిలుకు. పునరుక్తులను తీసివేస్తే దాదాపు 2,600. ఉల్లేఖకుడు సత్యవంతుడైతే చాలదు. తన గురువును ఆయన నిజంగా కలుసుకున్నట్లు కూడా రుజువు కావాలని బుఖారీ పట్టుబట్టారు.

గ్రంథంలోని 97 ప్రకరణాలలో ప్రార్థన, ఉపవాసాలే కాక క్రయవిక్రయాలు, కౌలు, అప్పు, వివాహం, ఆహారం, వైద్యం, దుస్తులు, మర్యాదలు కూడా చోటు చేసుకున్నాయి. తల్లిదండ్రుల సేవతో మొదలుపెట్టి బంధువులు, పొరుగువారు, అతిథుల పట్ల మెలగవలసిన తీరును తెలిపే అల్ అదబుల్ ముఫ్రద్ అనే మరో గ్రంథాన్నీ ఆయన రచించారు. సున్నీ ముస్లిములు ఖుర్ఆన్ తరువాతి స్థానం సహీహ్ బుఖారీకే ఇస్తారు. షియా ముస్లిములకు వేరే హదీసు సంకలనాలున్నాయి. పదవ శతాబ్దానికి చెందిన దారఖుత్నీ వంటి సున్నీ పండితులు సైతం ఇందులోని కొన్ని పరంపరలను విమర్శించారు. పరీక్షించి చూసే ఆ మార్గం బుఖారీ నడచినదే కదా!

ఆ గ్రంథంలో మొదటి హదీసు, పనుల విలువ వాటి వెనుకనున్న సంకల్పాన్ని బట్టి ఉంటుందని తెలుపుతుంది. దీనిని ఆయన అంగడిలో సైతం పాటించారు. ఒక సాయంకాలం కొందరు వర్తకులు వచ్చి ఆయన సరుకుకు ఐదువేల దిర్హముల లాభం ఇవ్వజూపారు. రేపు చూద్దామని పంపివేశారు. మరునాడు వేరొకరు వచ్చి పదివేలు ఇస్తామన్నారు. ముందటి రాత్రే మొదటివారికి ఇవ్వాలని మనసులో సంకల్పించుకున్నానని చెప్పి, ఆయన ఐదువేలకే ఆ సరుకు అమ్మారు. మాట ఇవ్వలేదు, పత్రం లేదు, సాక్షి లేడు.

విలువిద్య అంటే ఆయనకు మక్కువ. ప్రవక్త ప్రోత్సహించిన విద్య కావడం అందుకు ఒక కారణం. ఫిరబ్ర్ పట్టణం వద్ద ఒకనాడు ఆయన విడిచిన బాణం గురితప్పి వంతెన మేకుకు తగిలింది. మేకు చీలింది. వెంటనే గుర్రం దిగి, బాణం పెరికి, ఆనాటి విలువిద్యకు స్వస్తి చెప్పారు. వంతెన యజమాని వద్దకు మనిషిని పంపి, మేకు మార్చడానికి అనుమతినైనా, దాని వెలనైనా స్వీకరించి తనను క్షమించమని వేడుకున్నారు. యజమాని సంతోషంగా మన్నించాడని విన్న తరువాతనే ఆయన ముఖం వికసించింది. ఆనాడు మూడువందల దిర్హములు దానం చేశారు.

కీర్తితోపాటు కష్టాలూ వచ్చాయి. బాగ్దాదులో పండితులు నూరు హదీసుల పరంపరలను తారుమారు చేసి ఆయనను పరీక్షించగా, తప్పు వరుసను, ఒప్పు వరుసను కూడా క్రమంగా చెప్పి మెప్పించారు. కాని నైషాపూరులో పరిస్థితి వేరు. క్రీ.శ. 864లో ఘనస్వాగతం పలికిన ఆ నగరమే కొంతకాలానికి విముఖమైంది. ఖుర్ఆన్ దైవవాక్కు, దానిని పలికే మానవుని ఉచ్చారణ మాత్రం మానవ క్రియ అనే సూక్ష్మ విషయం వివాదంగా మారింది. అక్కడి పెద్ద పండితుడు ముహమ్మద్ ఇబ్న్ యహ్యా జుహ్లీ ఆయన గోష్ఠికి వెళ్లరాదని శాసించారు. చాలామంది తొలగిపోయారు. ముస్లిం ఇబ్న్ హజ్జాజ్ మాత్రం ఆయనను వీడలేదు. జుహ్లీ వద్ద రాసుకున్న పత్రాలన్నిటినీ మూటగట్టి తిప్పి పంపారు. తరువాతి కాలంలో సహీహ్ ముస్లిం రచించినది ఈయనే.

బుఖారీ స్వస్థలం చేరుకున్నారు. అక్కడి పాలకుడు ఖాలిద్ ఇబ్న్ అహ్మద్ తన భవనానికి వచ్చి తన కుమారులకు గ్రంథాలు బోధించమని కబురంపాడు. విద్యను రాజద్వారానికి మోసుకురాలేనని, కావలసినవారు మసీదుకో తన ఇంటికో రావచ్చునని బుఖారీ సమాధానమిచ్చారు. పోనీ ఇతరులు లేని సమయంలో తన కుమారులకు మాత్రమే చెప్పమని పాలకుడు కోరాడు. కొందరికి మాత్రమే పరిమితం చేయడానికి ఆయన అంగీకరించలేదు. ఫలితం నగర బహిష్కారం. ఏ ఊరి పేరు ఆయనవల్ల లోకమంతా మారుమోగిందో ఆ ఊరిలో ఆయనకు చోటు లేకపోయింది.

సమర్కండ్ సమీపంలోని ఖర్తంక్ గ్రామంలో బంధువుల ఇంట తలదాచుకున్నారు. భూమి ఇంత విశాలమైనా తనకు ఇరుకైపోయిందని ఒక రాత్రి ప్రార్థనలో దేవునికి మొరపెట్టుకున్నారు. సమర్కండ్ వాసులు ఆహ్వానించగా ప్రయాణానికి సిద్ధమై, తలపాగా చుట్టుకుని, గుర్రం వైపు ఇరవై అడుగులు నడిచారు. అంతలో శక్తి సన్నగిల్లింది. తనను వదలమని చెప్పి పడుకుని కన్నుమూశారు. అది హిజ్రీ 256, అంటే క్రీ.శ. 870. రంజాన్ పండుగ రాత్రి. చాంద్రమానం ప్రకారం అరవై రెండేళ్లకు పదమూడు రోజులు తక్కువ. తనను మూడు తెల్లని వస్త్రాలలోనే ఖననం చేయాలని, చొక్కా గాని తలపాగా గాని ఉండరాదని ఆయన ముందే చెప్పి ఉంచారు. ప్రవక్త భౌతికకాయాన్ని అలాగే మూడు వస్త్రాలలో సాగనంపారని ఆయన గ్రంథంలోనే ఉంది. మరునాడు పండుగ పూట మధ్యాహ్నపు నమాజు తరువాత ఆ గ్రామంలోనే ఆయనను ఖననం చేశారు.