కాలసేవకుడు గోడే వేంకట జగ్గారావు

ఒక పనిని ప్రతిదినమూ నిర్ణీత వేళకు యంత్రముచేత దానంతటదే చేయించుట కంప్యూటర్ విద్యలో ఒక ముఖ్యాంశము. విద్య కొత్తదైనా దాని వెనుకనున్న చిక్కు పాతదే. ఆ చిక్కును పందొమ్మిదవ శతాబ్దిలోనే మన విశాఖ తీరాన ఎదుర్కొన్న మహనీయుడు శ్రీ గోడే వేంకట జగ్గారావు. ఆయన జీవితమును మన విద్యార్థులకు పరిచయము చేయుట మా విధిగా భావిస్తున్నాము.

జగ్గారావు 1817లో జమీందారీ కుటుంబమున జన్మించారు. భోగభాగ్యములకు కొదువ లేకున్నా ఆయన మనస్సు శాస్త్రములవైపు మొగ్గినది. మద్రాసు వేధశాలకు వెళ్ళి, అక్కడి ఖగోళశాస్త్రజ్ఞుడైన టేలర్ వద్ద శిష్యరికము చేశారు. టేలర్ దాదాపు 11,000 నక్షత్రముల స్థానములను గణించి పట్టికగా ప్రకటించిన పండితుడు. గురువు వద్ద నేర్చినదానిని జగ్గారావు తనలోనే దాచుకొనలేదు. విశాఖకు తిరిగివచ్చి, 1840లో డాబా గార్డెన్స్‌లోని తన స్వగృహమున సొంత ధనముతో వేధశాలను నెలకొల్పారు.

బుచ్చయ్యపేట, చోడవరం ప్రాంతముల నుండి విశాఖ వెళ్ళే మనము సముద్రపుటొడ్డున డాల్ఫిన్స్ నోస్ కొండను చూస్తూనే వుంటాము. ఆ కొండమీద జగ్గారావు ధ్వజస్తంభము నిలిపి, ప్రతిదినమూ ఉదయము 9 గంటలకు జెండాతో కాలసంకేతమిచ్చే ఏర్పాటు చేశారు. ఓడలవారు, పట్టణవాసులు దానిని చూచి గడియారములు సరిచేసుకొనేవారు.

ఇది వేడుకకొరకు చేసిన పని కాదు. నడిసముద్రములో నావికుడు తన రేఖాంశమును గడియారము సాయముతో గణిస్తాడు. అది 4 సెకన్లు తప్పితే మన అక్షాంశము వద్ద ఓడ స్థానము సుమారు 1.8 కిలోమీటర్లు తప్పుతుంది. నిమిషము తప్పితే 26 కిలోమీటర్లు దాటుతుంది. ఆ తప్పు చీకటిరాత్రి ఓడను రాళ్ళమీదికి నడపగలదు.

మరి జెండాకు సరియైన వేళ ఎక్కడిది? ఎంత మంచి గడియారమైనా కొద్దికొద్దిగా ముందువెనుకలవుతుంది. అందుచేత ఆనాటి వేధశాలలలో నక్షత్రము ఉత్తరదక్షిణ రేఖను దాటే క్షణమును దూరదర్శినితో గుర్తించి, గడియారపు తప్పును లెక్కకట్టేవారు. నిన్నటి సంకేతమునుండి నేటి సంకేతమును లెక్కించక, ఆకాశమునే ప్రమాణముగా గైకొనేవారు.

నేటి ప్రోగ్రాము రచయితకు కావలసిన పాఠము ఇదియే. ఒక పని ముగిసిన పిదప 24 గంటలు ఆగి మరల చేయుమని యంత్రమునకు చెప్పినామనుకొందాము. ఆ పనికి 2 సెకన్లు పట్టితే, 30 దినములలో వేళ ఒక నిమిషము జరిగిపోతుంది. యునిక్స్ వ్యవస్థలో 1970ల నాటినుండి వున్న క్రాన్ ఈ దోషమునకు లోబడదు. అది నిమిషనిమిషమునకు గడియారము చూచి, పట్టికలో వ్రాసిన వేళతో పోల్చి, రెండును కలిసినప్పుడే పని ప్రారంభిస్తుంది. ఆ గడియారమునకూ ప్రమాణము కావలెను. నేడు మన దేశమునకు ఆ ప్రమాణకాలమును ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల అణుగడియారములతో నిలుపుతున్నది.

అయినను, నిర్ణీత వేళకు యంత్రమే ఆగివుంటే క్రాన్ ఆ పని చేయలేదు. 1856లో, నలుబదియేండ్లైనా నిండకుండానే జగ్గారావు కన్నుమూసినప్పుడు వేధశాలకు అట్టి ప్రమాదమే కలుగవలసినది. ఆయన అల్లుడు శ్రీ అంకితం వేంకట నరసింగరావు డిప్యూటీ కలెక్టరు ఉద్యోగమును సైతము వదలి దాని భారము వహించారు. 1874లో శుక్రగ్రహము సూర్యబింబమును దాటుటను పరిశీలించారు. 1892లో మరణించువరకు ఆ సేవను విడువలేదు.

ప్రతిదినమూ జరుగవలసిన పనికి సరియైన ప్రమాణమొకటి, తన తరువాత దానిని నడిపే మనిషియొకడు కావలెనని ఈ మామా అల్లుళ్ళ చరిత్ర చెబుతున్నది. ప్రోగ్రాములు వ్రాయు మన విద్యార్థులు ఈ రెంటిని ముందుగా విచారించి, ఆ పిమ్మటనే పనికి పూనుకొందురని ఆశిస్తున్నాము.