రేఖా వర్ణ సమన్వయము – రెన్వార్ చిత్రకారుని జీవితము

చిత్రమును చూచువారి రుచిభేదమును నిరూపించుచు విష్ణుధర్మోత్తరమందలి చిత్రసూత్రము, ఆచార్యులు రేఖను, విచక్షణులు వర్తనను, స్త్రీలు భూషణమును, ఇతరులు వర్ణసమృద్ధిని మెచ్చుదురని విభజించినది. వర్తన యనగా వెలుగునీడలచే నిమ్నోన్నతములను చూపుట. ఆ శాస్త్రమునకును ఫ్రాన్సు దేశీయుడైన పియేర్ ఒగ్యుస్త్ రెన్వారుకును సంబంధము లేదు. కాని రేఖ ప్రధానమా, వర్ణము ప్రధానమా యను విచారమే ఆయన జీవితమును నడపినది.

రెన్వార్ 1841 ఫిబ్రవరి 25వ తేదీన లిమోజ్ నగరమున జన్మించెను. తండ్రి దర్జీ, తల్లి కుట్టుపని చేయునది. బాల్యముననే కుటుంబము పారిస్ నగరము చేరెను. పదుమూడవ యేట ఆయన పింగాణీ పాత్రలపై చిత్రములు వ్రాయు కర్మాగారమున పని నేర్వ మొదలిడెను. పలుచని రంగు క్రిందనున్న తెలుపును ప్రకాశింపజేయు నేర్పు అచ్చటనే అలవడినది. యంత్రములు ఆ వృత్తిని హరింపగా విసనకఱ్ఱలపై చిత్రించి జీవించి, 1862లో పారిస్ లలితకళాశాలలో ప్రవేశించెను. గ్లేర్ అను గురువు చిత్రశాలలో మోనే, సిస్లీ, బజీల్ అనువారు ఆయనకు సతీర్థ్యులైరి. వారిలో బజీల్ 1870 నాటి ప్రష్యా యుద్ధమున మరణించెను.

నాటి కళాశాలల మార్గమున మానవాకృతికి మొదట స్పష్టమైన రేఖ, పిమ్మట గోధుమవన్నె నీడ, తుదకు చర్మవర్ణము. కిటికీనుండి ఒకే వైపున వచ్చు స్థిరమైన వెలుగున కది చాలును, ఆరుబయట చాలదు. చెట్టు క్రింద నిలిచిన మనుష్యునిపై ఎండ తునియలుగా పడును. ఆకులపై పడి మరలిన కాంతి పచ్చదనమును, ఆకాశకాంతి నీలిమను నీడలోనికి తెచ్చును. కనుక నీడ వెలుగు లేమి కాదు. మఱియొక వన్నె గల వెలుగు. రెన్వార్ జన్మించిన 1841లోనే అమెరికా చిత్రకారుడు జాన్ గాఫ్ రాండ్ రంగులు నింపు తగరపు గొట్టములకు పేటెంటు పొందుటచే, రంగులను వెలుపలికి కొనిపోవుట సుకరమైనది. 1869లో మోనేయు రెన్వారును సేన్ నదిపై లా గ్రెనూయేర్ అను విహారస్థలమున ప్రక్కప్రక్కన నిలిచి చిత్రించిరి. మోనే దృష్టి నీటిపై నిలువగా, రెన్వార్ దృష్టి జనులపైకి మరలెను.

ఈ మిత్రులు 1874లో తొలి ప్రదర్శనము జరిపిరి. 1876 నాటి రెండవ ప్రదర్శనమున రెన్వార్ ఎండలో నిలిచిన స్త్రీదేహమును చూపగా, ఫిగారో పత్రికలో అల్బేర్ వోల్ఫ్ అది కుళ్ళుచున్న మాంసమువలె నున్నదని నిందించెను. ఆ విమర్శకుడు లేనిదానిని చూడలేదు; ఆకుపచ్చ, ఊదా వన్నెలు ఆ దేహముపై నిజముగనే కలవు. చర్మమునకు ఒకే వర్ణము కలదని నమ్మినందున వెలుగును రోగముగా గ్రహించెను.

అదే యేట చిత్రించిన మూలాన్ ద లా గాలెత్ నృత్యమున వెలుగుచుక్కలు కోటును, చెక్కిలిని, నేలను ఒకే తీరున తాకుచున్నవి. వెలుగునకు మనుష్యుడును నేలయు సమానమే. మనుష్యునే ప్రధానముగా చిత్రించువానికి ఈ సమానత్వము చిక్కు తెచ్చినది: వెలుగులో సర్వము కరగిపోయిన, దేహపు స్థిరత్వ మెచ్చట నిలుచును?

1881లో ఇటలీకి పోయి, రోములో రఫాయెల్ కుడ్యచిత్రములను, నేపుల్సులో పాంపేయీ చిత్రములను దర్శించి, రెన్వార్ రేఖను మరల ఆశ్రయించెను. గొడుగులు అను చిత్రము ఈ మార్పునకు ప్రత్యక్ష ప్రమాణము. కుడివైపునగల బాలికలు 1881 ప్రాంతపు మృదువైన కుంచెతోను, ఎడమవైపు బుట్ట పట్టిన యువతి నాలుగైదేండ్ల పిదప గట్టి రేఖతోను చిత్రింపబడిరి. 1887లో ముగిసిన మహాస్నాతలు అను చిత్రమున రేఖ మఱింత కఠినమైనది. దానిని మిత్రుడైన పిసారో సైతము మెచ్చలేదు. 1890 తరువాత ఆయన రెంటిలో దేనిని విడువక, అంచును వర్ణముచేతనే తీర్చు మార్గమును సాధించెను. 1892లో పియానో ముందు బాలికలు అను చిత్రమును ఫ్రెంచి ప్రభుత్వము కొనెను.

ఆ దశకముననే కీళ్ళవాతము మొదలాయెను. 1907లో దక్షిణదేశమందలి కాన్యులో ఆలివ్ తోట కొని అచ్చట నివసించెను. కాలక్రమమున చక్రాల కుర్చీయే గతియైనది, వ్రేళ్ళు వంకరపోయినవి. అరచేతికి గుడ్డ చుట్టించుకొని, వ్రేళ్ళ నడుమ కుంచె నుంచుకొని చిత్రించుచుండెను. ప్రథమ ప్రపంచయుద్ధమున కుమారులు పియేర్, జాన్ గాయపడిరి. 1915లో భార్య అలీన్ మరణించెను. అయినను 1919లో ముగిసిన స్నాతలు అను చిత్రమున వ్యాధి కాని దుఃఖము కాని కానరాదు. తెల్లని తలముపై పలుచని రంగుల పొరలు. లోనుండి వెలుగుచున్న దేహములు. పింగాణీపై నేర్చిన విద్య తుదకు ఫలించినది. ఆ చిత్రమును కుమారులు 1923లో ప్రభుత్వమున కర్పించిరి.

1919 డిసెంబరు 3వ తేదీన కాన్యులో రెన్వార్ మరణించెను. రేఖ, వర్ణము పరస్పర విరోధులు కావనియు, వెలుగు నెఱిగిన చేతిలో వర్ణమే రేఖ కాగలదనియు ఆయన చిత్రములు తెలుపుచున్నవి.