నారల బలము తూచిన వైద్యుడు – విలియం రాక్సుబర్గు

గోగునార పలుపు గాని, జనుపత్రాడు గాని ఎరుగని యిల్లు మన కొల్లేటి సీమలో లేదు. ఏలూరి జూటు మిల్లుతో మన ప్రాంతమువారికి గోగునార గోనెసంచిగా మారు విధము తెలిసినది. ఆ నార భీమునిపట్నపు రేవునుండి ఓడల కెక్కినందున వర్తకులు దానికి భీమిలి జూటు అని పేరిడిరి. ఇట్టి నారల బలాబలములను బరువులు కట్టి తేల్చిన మహాశయు డొకడు గోదావరి కావలి ప్రక్కను, సామర్లకోటలో, పండ్రెండేండ్లు కాపురముండెనని మన విద్యార్థులలో ఎందరెరుగుదురు?

విలియం రాక్సుబర్గు 1751వ సంవత్సరమున స్కాట్లండులో జన్మించెను. ఎడింబరోలో వైద్యమును, దానితోబాటు జాన్ హోప్ అను ఆచార్యునికడ వృక్షశాస్త్రమును నభ్యసించెను. ఆ దినములలో మందులలో పెక్కు మొక్కలనుండియే వచ్చెడివి గనుక చెట్టుచేమల నెరుగని వైద్యుడు సగము వైద్యుడే. 1776లో తూర్పు ఇండియా కంపెనీ కొలువున చెన్నపట్టణమున దిగి, 1781లో సామర్లకోట చేరెను. అచ్చట తోట వేసి మిరియము, కాఫీ, దాల్చినచెక్క, సీమపనస మొదలగువానిని పెంచజూచెను. దినమునకు ముమ్మారు వాతావరణపు లెక్కలు వ్రాసికొనెడివాడు.

1787 మే నెలలో కోరంగి తీరమును ఉప్పెన ముంచెత్తెను. వేలకొలది జనము మడిసిరి. రాక్సుబర్గు కూర్చుకొన్న ఎండుమొక్కలు, గ్రంథములు, వ్రాతలు నీటిపాలయ్యెను. ఇన్నేండ్ల శ్రమ ఒక్క నాటితో పోయినది! అయినను ఆయన మరల మొదటినుండి మొక్కల నేరుటకు ఆరంభించెను. మనదేశపు చిత్రకారులచే వందలకొలది పటములు వ్రాయించి, వర్ణనలలో తెనుగు పేర్లను సైతము చేర్చి సీమకు పంపెను. 1795 మొదలుకొని కోరమాండలు తీరపు మొక్కలను గూర్చి వెలువడిన మూడు సంపుటములలోని 300 పటములు అట్లు వచ్చినవే. ఆ కుంచె పట్టినవారి పేర్లు మాత్రము లోకమునకు తెలియకపోవుట నాకు కష్టముగా తోచును.

1790 ప్రాంతమున ఉత్తర సర్కారులను క్షామము పీడింపగా, వాన తప్పినను కొంత తిండి నిచ్చు కొబ్బరి, పనస, అరటి వంటివానిని విరివిగా నాటింపుడని ఆయన కంపెనీవారికి విన్నవించెను.

1793లో కలకత్తా తోటకు అధికారి యయ్యెను. ఆంగ్లేయుల యోడల త్రాళ్లకు కావలసిన నార అప్పట్లో రష్యానుండి రావలెను; యుద్ధకాలమున ఆ దారి యెప్పుడు మూతపడునో తెలియదు. కావున రాక్సుబర్గు జనుము, గోగు, జూటు మొదలుగా అనేకమైన నారలతో ఒకే కొలత త్రాళ్లు పేనించి, తెగువరకు బరువులు వ్రేలాడదీయించెను. కొన్నింటికి తారును, కొన్నింటికి వగరు కషాయమును పట్టించెను. పిమ్మట మూడు నెలలకు పైగా నీట నానవేసి మరల పరీక్షించెను. కొన్ని కుళ్లి పనికిమాలినవయ్యెను. పొడి త్రాటి బలము వేరు, తడిసిన త్రాటి బలము వేరు. తాటిదోనెను కట్టు కొల్లేటి జాలరికి ఈ సంగతి ఎవ్వరును చెప్పనక్కరలేదు గాని, దానిని అంకెలలో పెట్టినవాడు రాక్సుబర్గు. జూటు అను మాట ఆంగ్లమున చేరుటకును 1795లో ఆయన వ్రాసిన లేఖయే ఆదియందురు.

ఆ తేమ సమస్య నేటికిని తీరలేదు. ఇప్పుడు గోగునారను రెసిను అను బంకలో పొదిగి మోటారుబండ్ల తలుపుల లోపలి పలకలు చేయుచున్నారు. వరిగడ్డి, ఊకలతోను పలకలు అచ్చొత్తుచున్నారు. నార బరువు మోయును, బంక నారలను చెదరనీయక పట్టియుంచును. అయితే నార నీరు పీల్చి ఉబ్బినచో బంకనుండి ఊడివచ్చును. అందుచే ముందుగా నారను క్షారజలముతో కడుగుదురు.

రాక్సుబర్గునకు మూడు సువర్ణపతకములు లభించెను గాని దేహము శిథిలమయ్యెను. 1813లో కలకత్తా విడిచి, 1815లో ఎడింబరోలో మరణించెను. భారతదేశపు మొక్కలపై ఆయన వ్రాసిన మహాగ్రంథము అచ్చుకాకయే యుండెను. దానిని శ్రీరామపురపు మిషనరీ విలియం కేరీ చేపట్టి 1820లో మొదటి సంపుటమును వెలువరించెను. మూడు సంపుటములును పూర్తియగుసరికి 1832 వచ్చినది. తెనుగు వ్యాకరణమును ఆంగ్లమున రచించిన కేరీ యితడే. రాక్సుబర్గు తన మిత్రుని పేర కుంభి చెట్టు జాతికి కేరియా అని నామకరణము చేసియుండెను. నేటికిని శాస్త్రగ్రంథములలో ఆ చెట్టు పేరు చివర రాక్సుబర్గు పేరు పొట్టిగా ముద్రింపబడును.