నిజాంసాగర్ నిర్మాత నవాబ్ అలీ నవాజ్ జంగ్

అచ్చంపేట వద్ద మంజీరా నదిని విడిచి బయలుదేరిన ప్రధాన కాలువ బాన్సువాడ, వర్ని, రుద్రూరు, బోధన్ ప్రాంతాల భూములను తడుపుతూ నిజామాబాదు వైపు సాగివస్తుంది. ఈ కాలువ నీటితో పండిన అన్నం తిని, ఈ నీటితో పెరిగిన చెరకు రసం త్రాగి పెద్దవారమైన మనలో ఆ కాలువను త్రవ్వించిన ఇంజనీరు పేరు చెప్పగలిగినవారు ఎందరని ప్రశ్నించుకుంటే తలవంచుకోవలసి వస్తుంది. రాజుల పేర్లు ఊళ్ళకూ జలాశయాలకూ నిలిచినంత సులభంగా ఇంజనీర్ల పేర్లు నిలువవు. నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ జీవితాన్ని మా విద్యార్థుల ముందుంచుటకు ఇది ఒక కారణం. అంతకంటె ముఖ్యమైనది మరొకటి ఉన్నది. ఆ మహనీయుని వృత్తి జీవితానికి పునాది ఒక ప్రభుత్వ ఉపకార వేతనం. చదువుకు డబ్బెక్కడిదన్న ప్రశ్న మా విద్యార్థులను ప్రతి జూన్ మాసంలోనూ వేధిస్తూనే ఉన్నది కనుక ఈ కథలోని ఆ భాగం వారికి పరాయిది కాదు.

ఆయన అసలు పేరు మీర్ అహమ్మద్ అలీ. 1877 జూలై 11న హైదరాబాదులో జన్మించారు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ కాలమది. సెయింట్ జార్జి గ్రామర్ స్కూలులోనూ, ఆపైన నిజాం కళాశాలలోనూ ఆయన విద్యాభ్యాసం సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం వెలసినది 1918లో. దాని ఇంజనీరింగ్ కళాశాల మరి పదకొండేళ్ళకు, 1929లో ఏర్పడింది. కనుక 1890 దశకంలో హైదరాబాదు యువకుడొకడు ఇంజనీరు కాదలచుకుంటే స్వస్థలంలో ఆ అవకాశం లేదు. ఇల్లు విడిచి దూరం పోవలసినదే.

1896లో సంస్థాన ప్రభుత్వం ఆయనకు ఉపకార వేతనమిచ్చి ఇంగ్లండులోని కూపర్స్ హిల్ కళాశాలకు పంపింది. అప్పటికి ఆయన వయస్సు పందొమ్మిది సంవత్సరాలు. కూపర్స్ హిల్ సామాన్యమైన కళాశాల కాదు. భారతదేశపు ప్రజాపనుల శాఖకు ఇంజనీర్లను తయారు చేయుటకే 1870 దశకం ఆరంభంలో సర్రే ప్రాంతంలో స్థాపించిన రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాల అది, 1906లో మూతపడింది. భారతదేశపు నదుల కోసం ఏర్పడిన ఆ విద్యాలయంలో చదివినవారు అత్యధికులు ఆంగ్లేయ యువకులే కావడం ఆనాటి పాలనలోని ఒక వింత. ఆరంభంలోనే అక్కడి రుసుము ఏడాదికి 150 పౌండ్లు. 1896 నాటి మారకపు లెక్కన అది రెండువేల రూపాయలకు పైబడిన మొత్తం. ఓడ ప్రయాణం, చలిదేశపు దుస్తులు, పుస్తకాలు, పరికరాలు వేరు. మధ్యతరగతి ఉద్యోగి కుటుంబం ఆ భారాన్ని మోయడం ఊహకందని విషయం.

మీర్ అహమ్మద్ అలీ ఒక్కరే ఇటువంటి సహాయం పొందినవారు కారు. అంతకు ముందు ఏడాది, 1895లో, సరోజినీ చట్టోపాధ్యాయ అదే నిజాము ఇచ్చిన ఉపకార వేతనంపై లండనుకు వెళ్ళారు. ఆమెయే తరువాతి సరోజినీ నాయుడు. బొంబాయిలో జంషెడ్జీ టాటా 1892లోనే విదేశీ విద్యకొరకు ఒక నిధి నెలకొల్పారు. అయితే అది అప్పు రూపంలోనిది, చదువు ముగిశాక తిరిగి చెల్లించవలసినది. బరోడా మహారాజు 1913లో ఇచ్చిన వేతనంతో అంబేద్కర్ అమెరికాలోని కొలంబియాలో చదివారు. గడువు తీరి ఆ వేతనం ఆగిపోగా, లండనులో ఆరంభించిన చదువును మధ్యలో వదలి 1917లో ఆయన తిరిగి రావలసి వచ్చింది. బొంబాయిలో ఉద్యోగం చేసి డబ్బు కూడబెట్టుకుని, 1920లో మళ్ళీ వెళ్ళి పూర్తి చేశారు. అంతటి మేధావికే సగంలో ఆగిన సహాయం మూడేళ్ళ కాలాన్ని మింగివేసింది. సగం సహాయమునకూ సంపూర్ణ సహాయమునకూ గల అంతరం ఎంత పెద్దదో ఈ ఒక్క ఉదాహరణ చాలును.

ఈ అంతరాన్ని మనవారు సరిగా గుర్తించడం లేదేమోనని మాకు అనుమానం. ఫీజు మాఫీ అయిన కళాశాల దొరికితే చదువు ఉచితమయిందని తల్లిదండ్రులు సంబరపడతారు. ఉమ్మడి రాష్ట్రంలో 2008 ప్రాంతంలో విస్తరించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం లక్షలాది ఇళ్ళలో మొదటి పట్టభద్రులను తయారు చేసిన మాట వాస్తవమే. కాని ఫీజు చదువు ఖర్చులో ఒక భాగం మాత్రమే. హాస్టలు మెస్సు బిల్లు, బస్సు చార్జీ, పుస్తకాలు, పరీక్ష రుసుము మిగిలి ఉంటాయి. వీటన్నిటికంటె బరువైనది, ఏ దరఖాస్తు ఫారములోనూ గడి లేనిది మరొకటి ఉన్నది. ఆ బిడ్డ ఇంటివద్ద ఉంటే చేసి ఉండే సంపాదన అది. తల్లి ప్రక్కన కూర్చుని బీడీలు చుట్టే అమ్మాయి కళాశాలకు వస్తే ఆ ఇంట సాయంకాలానికి తయారయ్యే బీడీల లెక్క తగ్గుతుంది. గల్ఫుకు పోవలసిన కుమారుడు మూడేళ్ళు ఇక్కడే చదువుకుంటే ఆ మూడేళ్ళ అప్పు వడ్డీ ఎవరు కట్టాలి?

కనుక కళాశాలను ఎన్నుకొనునప్పుడు ఫీజు ఎంతని అడుగుటకంటె, అన్నీ పోను చేతినుండి పెట్టవలసినది ఎంతని అడుగుట మేలు. మనకు కూతవేటు దూరంలోని బాసరలో 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ విజ్ఞాన, సాంకేతిక విశ్వవిద్యాలయం పదవ తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను తీసుకుని, వసతితో సహా ఆరేళ్ళ ఇంజనీరింగ్ విద్య నేర్పుతున్నది. తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ గురుకులాలను 2016లో ఆరంభించింది. అక్కడ భోజనమూ వసతీ చదువుతోపాటే లభిస్తాయి. విదేశాలకు పోదలచిన మైనారిటీ విద్యార్థులకు 2015లో మొదలైన రాష్ట్ర పథకం తరువాత 20 లక్షల రూపాయల వరకు పెరిగింది. అయినా అమెరికాలో రెండేళ్ళ చదువుకు అది పలుచోట్ల చాలదు. అదే అమెరికాలో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ వంటి కొన్ని సంస్థలు డిగ్రీ స్థాయిలో విద్యార్థి చెల్లింపు శక్తిని చూడకుండానే సీటిచ్చి, నిరూపితమైన అవసరమంతటినీ తామే భరిస్తాయి, విదేశీయులకు సైతం. ఆ సీటు దొరకడం దుర్లభమే. కాని అటువంటి తలుపు ఒకటున్నదని తెలియకపోవడం వేరు, తట్టి వెనుదిరగడం వేరు.

ఇక కథానాయకుని వద్దకు వత్తము. 1899లో ఆయన తిరిగివచ్చి ప్రజాపనుల శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగా చేరారు. మెట్టు మెట్టుగా ఎదిగి 1918 నాటికి చీఫ్ ఇంజనీరు, ఆ శాఖ కార్యదర్శి అయ్యారు. అలీ నవాజ్ జంగ్ అన్నది ప్రభుత్వం ఇచ్చిన బిరుదు. అదే పేరై నిలిచింది. ఆ మధ్యకాలంలో, 1908 సెప్టెంబరు 28న, మూసీ వరద హైదరాబాదును ముంచెత్తి వేలాది ప్రాణాలను బలిగొన్నది. విశ్వేశ్వరయ్యగారి సూచనల ననుసరించి ఉస్మాన్‌సాగర్ 1920లోనూ, హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. వైరా, పాలేరు జలాశయాలు కూడ అలీ నవాజ్ జంగ్ హయాములోని పనులే.

వీటన్నిటిలో మనకు ఆత్మీయమైనది నిజాంసాగర్. 1923లో ఆరంభమై 1931లో పూర్తయిన ఈ ఆనకట్ట మంజీరను అచ్చంపేట, బంజపల్లి గ్రామాల మధ్య ఆపింది. ప్రధాన కాలువ పొడవు సుమారు 155 కిలోమీటర్లు. ఉద్దేశించిన ఆయకట్టు 2.75 లక్షల ఎకరాలు. ఈ పథకంలోని ప్రతిభ గోడ ఎత్తులో కంటె కాలువ వాలులో ఉన్నదని మా అభిప్రాయం. ఏ యంత్రమూ తోడనవసరం లేకుండ, నీరు తన బరువుతో తానే జారి ఆర్మూరు దిక్కు వరకు పోయేటట్లు నేల మట్టాలను కొలిచి గీసిన గీత అది. నేటికీ మన రైతులు ఉపకాలువలను డిస్ట్రిబ్యూటరీ నంబర్లతోనే పిలుచుకుంటారు. ఆ నంబర్లు ఒకప్పుడు ఆయన కార్యాలయపు నకలు కాగితాలపై వేసినవే.

ఇందులో నష్టపోయినవారు లేకపోలేదు. జలాశయం కొరకు సుమారు 40 గ్రామాలను ఖాళీ చేయించారు. మునిగిన పొలాల వారి కష్టం మీద తడిసిన పొలాల వారి సుఖం నిలిచిందన్న సత్యాన్ని స్తుతి వ్యాసాలు సాధారణంగా దాటవేస్తాయి. మేము దాటవేయదలచలేదు.

నీరు రాగానే నేల స్వభావమే మారిపోయింది. కృష్ణా, గుంటూరు జిల్లాల రైతులు వచ్చి కాలువ వెంట స్థిరపడ్డారు. వారి ఆవాసాలు క్యాంపులన్న పేరుతో నేటికీ ఉన్నాయి. వరి వెంట చెరకు వచ్చింది. చెరకు వెంట బోధనులో నిజాం చక్కెర కర్మాగారం 1937లో నెలకొన్నది. ఆసియాలోకెల్ల పెద్దదని ఒకప్పుడు పేరు మోసిన ఆ ఫ్యాక్టరీ ఎందరి పిల్లలను చదివించిందో లెక్కకు అందదు. నెల జీతం వచ్చే తండ్రి ఉండడమే ఆ పిల్లలకు ఉపకార వేతనమయింది. 2002లో దాని యాజమాన్యంలో అధిక వాటా ప్రైవేటు పరమయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. అది ఆగిన తరువాత బోధను ప్రాంతపు పిల్లలకు బయటి సహాయం అవసరం రెట్టింపయిందనుటకు మా తరగతి గదుల హాజరు పట్టికలే సాక్ష్యం. ఆనకట్ట సైతం పూడికచేత తన మొదటి సామర్థ్యాన్ని చాల భాగం కోల్పోయింది; తరువాతి కాలంలో కట్టను ఎత్తుచేసి కొంత తిరిగి సంపాదించారు.

ఆయన ప్రజ్ఞ సంస్థానపు ఎల్లలు దాటింది. 1929లో బొంబాయి ప్రభుత్వం సింధునదిపై నిర్మాణంలో ఉన్న సుక్కూరు బరాజును పరిశీలించుటకు విశ్వేశ్వరయ్యగారితో పాటు ఆయనను నియమించింది. తుంగభద్ర నీటి విషయమై మద్రాసుతో హైదరాబాదు జరిపిన చర్చల్లోనూ ఆయన పాత్ర గణనీయం. జవహర్‌లాల్ నెహ్రూ అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, నీటిపారుదలకు సంబంధించిన ఉపసంఘానికి ఆయన నాయకత్వం వహించారు. 1949 డిసెంబరు 6న, సంస్థానం భారతదేశంలో విలీనమైన ఏడాది తరువాత, డెబ్బదిరెండేళ్ళ వయస్సులో కన్నుమూశారు.

నిజామాబాదు సమీపాన ఠాణాకలాన్ వద్ద 1931 నాటి అలీసాగర్ జలాశయం ఆయన పేరనే ఉన్నది. సెలవు రోజున అక్కడికి విహారయాత్రకు పోయే మన విద్యార్థులు ఆ అలీ ఎవరని అడిగిన జ్ఞాపకం మాకు లేదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన పిమ్మట ప్రభుత్వం ఆయన జన్మదినమైన జూలై 11ను ఇంజనీర్ల దినంగా ప్రకటించింది. ఆ తేదీ కళాశాల ప్రవేశాల రోజుల్లోనే పడుతుంది. ఆదాయ ధ్రువపత్రాలు చేతబట్టుకుని తల్లులు మండల కార్యాలయాల వద్ద వరుసలో నిలుచుండే రోజులవి. కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. ఆనాడు సభ జరిపి పూలమాల వేయుటకు అయ్యే వ్యయంతో ఒక్క విద్యార్థికైనను ఏడాది మెస్సు బిల్లు, పుస్తకాలు, బస్సు చార్జీ కలిపి పూర్తిగా ఇచ్చే ఏర్పాటు ఆరంభించవలసినది. పదిమందికి పదోవంతు చొప్పున పంచవద్దని మా మనవి.