బతికుండగా నమ్మలేదు.. చనిపోయాక రాళ్లే సాక్ష్యం చెప్పాయి! ఎవరీ వెగెనర్?

1930 నవంబర్ 1. గ్రీన్‌లాండ్ మంచు ఎడారి మధ్యలో ఐస్‌మిట్టే అనే చిన్న పరిశోధనా కేంద్రం. ఆ రోజు జర్మన్ శాస్త్రవేత్త ఆల్ఫ్రెడ్ వెగెనర్‌కు సరిగ్గా 50 ఏళ్లు నిండాయి. అక్కడున్న తిండి చలికాలమంతా అందరికీ సరిపోదు. దీంతో పుట్టినరోజు నాడే ఆయన తీరానికి బయల్దేరారు. తోడుగా రాస్మస్ విల్లుమ్‌సెన్ అనే గ్రీన్‌లాండ్ యువకుడు. దూరం దాదాపు 400 కిలోమీటర్లు. ఇద్దరూ తీరం చేరలేదు.

ఇంతకీ ఏం చేశారాయన? 1880లో బెర్లిన్‌లో పుట్టిన వెగెనర్ చదివింది ఖగోళ శాస్త్రం, పనిచేసింది వాతావరణ శాస్త్రంలో. 1906లో అన్న కుర్ట్‌తో కలిసి బెలూన్‌లో ఏకంగా 52 గంటలకు పైగా ఎగిరి రికార్డు కొట్టారు.

అయితే ఆయన పేరు నిలబెట్టింది ప్రపంచ పటం. దక్షిణ అమెరికా తూర్పు అంచు, ఆఫ్రికా పడమటి అంచు అతికినట్టు సరిపోతాయి. సముద్రానికి అటూ ఇటూ ఒకే రకం శిలాజాలు దొరికాయి. ఒకప్పుడు ఖండాలన్నీ కలిసే ఉన్నాయని, తర్వాత విడిపోయి జరుగుతున్నాయని 1912లో ఆయన ప్రకటించారు. 1915లో పుస్తకం కూడా రాశారు.

కానీ భూగర్భ శాస్త్రవేత్తల్లో చాలామంది కొట్టిపారేశారు. ఇంత పెద్ద ఖండాన్ని నెట్టే శక్తి ఏదని నిలదీశారు. దానికి వెగెనర్ దగ్గర సరైన జవాబు లేదు. 1926లో న్యూయార్క్ సదస్సులోనూ వ్యతిరేకతే ఎదురైంది.

1931 మేలో ఆయన మృతదేహం దొరికింది. విల్లుమ్‌సెన్ ఆయన్ను మంచులో జాగ్రత్తగా పాతిపెట్టి, గుర్తుగా స్కీలు నిలబెట్టి వెళ్లాడు. ఆ యువకుడి ఆచూకీ మాత్రం నేటికీ తెలియలేదు.

అసలు ట్విస్ట్ 1950లలో వచ్చింది. లావా చల్లారేటప్పుడు అందులోని ఇనుప ఖనిజాలు అప్పటి భూ అయస్కాంత దిశను పట్టేసుకుంటాయి. ఆ దిశ భూమధ్యరేఖ దగ్గర అడ్డంగా, ధ్రువాల దగ్గర నిలువుగా ఉంటుంది. అంటే ఆ వాలు కొలిస్తే, రాయి పుట్టినప్పుడు ఏ అక్షాంశంలో ఉందో చెప్పేయొచ్చు!

బ్రిటన్‌లో కీత్ రన్‌కార్న్, టెడ్ ఇర్వింగ్ లాంటివాళ్లు ఈ పని మొదలుపెట్టారు. లండన్‌లో బ్లాకెట్ బృందం మన దక్కన్ లావా రాళ్లను పరీక్షించింది. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందటి ఆ రాళ్లు భూమధ్యరేఖకు దక్షిణాన పుట్టాయని తేలింది. అంటే ఇండియా వేల కిలోమీటర్లు ఉత్తరానికి జరిగొచ్చిందన్నమాట!

వికారాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్లరాయి, రాజమహేంద్రవరం దగ్గరి లావా పొరలు కూడా ఆ కాలానివే. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐలోనూ రాళ్ల అయస్కాంతత్వంపై పరిశోధనలు సాగాయి.

1960ల చివరికి ఖండాల కదలికను శాస్త్రలోకం ఒప్పుకుంది. ఇండియా ఇప్పటికీ ఏటా దాదాపు 5 సెంటీమీటర్లు జరుగుతోందని జీపీఎస్ లెక్కలు చెబుతున్నాయి. ఆ మాట ముందే చెప్పిన వెగెనర్ మాత్రం గెలిచానని తెలియకుండానే వెళ్లిపోయారు. ఆయన సమాధి ఇప్పటికీ గ్రీన్‌లాండ్ మంచు కిందే ఉంది.